కళింగ స్టేడియంలో అండర్-17 అమ్మాయిల వరల్డ్ కప్: స్కూల్ పిల్లలతో వెళ్లొచ్చిన పీఈటీ రివ్యూ

ఇంట్లో ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్ల ఉన్నవాళ్లు, స్కూల్లో టీం ఉన్న నాలాంటి పీఈటీలు, ఇలాంటి టోర్నీ రైలెక్కి వెళ్లగలిగే దూరంలో జరిగితే అస్సలు వదులుకోవద్దు. 2022 అక్టోబర్ 30న నవీ ముంబైలో ఫైనల్‌తో ముగిసిన ఫిఫా అండర్-17 మహిళల వరల్డ్ కప్ గురించి చెబుతున్నాను. భువనేశ్వర్, గోవాలోని మడ్‌గావ్, నవీ ముంబై, మూడు చోట్ల మ్యాచ్‌లు పెట్టారు. మేము చూసింది అక్టోబర్ 14న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో. సాయంత్రం బ్రెజిల్, అమెరికా మ్యాచ్. రాత్రి ఎనిమిదింటికి మన ఇండియా, మొరాకో మ్యాచ్.

నాది శ్రీకాకుళం జిల్లా, ఒడిశా బోర్డర్ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్. మా వైపు ఆడపిల్లల ఆటంటే కబడ్డీ, ఖోఖోలే. ఫుట్‌బాల్ టీం కట్టింది ఈమధ్యనే. మా పిల్లలు టీవీలోనూ ఫోన్లోనూ చూసిన ఫుట్‌బాల్ అంతా మగవాళ్లదే. మెస్సీ పేరు, రొనాల్డో పేరు అందరికీ తెలుసు. తమ వయసు అమ్మాయి ఆడితే ఎంత బాగా ఆడగలదో మాత్రం ఒక్కరూ చూడలేదు. ఈ టోర్నీలో ఆడేవాళ్లంతా 2005, 2007 మధ్య పుట్టినవాళ్లు. మా పదో తరగతి పిల్లల వయసే, మహా అయితే ఒకటి రెండేళ్లు పెద్ద. అందుకే ఏ సీనియర్ మ్యాచ్ కన్నా ఇది చూపించాలని నాకు పట్టుదల.

అసలు ఈ కప్ జరుగుతుందో లేదో అని ఆగస్టులో ఎంత టెన్షన్ పడ్డామో. ఫిఫా మన ఫుట్‌బాల్ ఫెడరేషన్‌ని సస్పెండ్ చేసింది. టోర్నీ ఇండియా నుంచి పోయినట్టే అనుకున్నాం. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేశాకే ఊపిరి పీల్చుకున్నాం. నిజానికి ఇది 2020లో జరగాల్సింది. కోవిడ్ వల్ల 2021కి వాయిదా వేశారు, తర్వాత ఆ ఎడిషన్ పూర్తిగా రద్దు చేసి, బదులుగా 2022 ఎడిషన్ మనకిచ్చారు. దీనివల్ల ఎక్కువ నష్టపోయింది 2003, 2004లో పుట్టిన అమ్మాయిలు. సొంత దేశంలో వరల్డ్ కప్ ఆడదామని క్యాంపుల్లో చెమటోడ్చిన పిల్లలకి, కప్ వచ్చేసరికి వయసు దాటిపోయింది. వాళ్ల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. నాకు మాత్రం ఆ బాధ ఇంకా పోలేదు.

పిల్లల్ని తీసుకెళ్లడానికి ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నాను. ఒక అమ్మ నన్ను సూటిగా అడిగింది: "మేడమ్, ఆ ఇండియా టీం పిల్లల్ని కోచ్ ఏదో చేశాడట కదా, పేపర్లో వచ్చింది?" జూన్‌లో టీం యూరప్ వెళ్లినప్పుడు ఒక అసిస్టెంట్ కోచ్ మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణ వచ్చింది. వెంటనే వెనక్కి పిలిపించి ఉద్యోగంలోంచి తీసేశారు. అది దాచకుండా చెప్పాను. ఆరోపణ బయటికి రావడం, వెంటనే చర్య తీసుకోవడం, రెండూ జరిగాయి, అది మంచిదేనమ్మా అన్నాను. నేను ఆడదాన్ని, నేనే వెంట ఉంటాను, రాత్రి ఒక్క గదిలోనే అందరం ఉంటాం అన్నాక ఆవిడ సంతకం పెట్టింది. ఆడపిల్లల టోర్నీ నిర్వహించేవాళ్లు ఈ అమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు సిద్ధంగా పెట్టుకోవాలి. అమ్మాయిల టీంకి ఆడ కోచ్‌లు, ఆడ స్టాఫ్ ఎంతమంది ఉన్నారో పోస్టర్ మీదే వేయాలంటాను.

ప్రయాణం సులువే. పలాసలో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నానికి భువనేశ్వర్. బరంపురం దాటాక రంభ నుంచి బాలుగావ్ దాకా చిలికా సరస్సు పట్టాల పక్కనే కనిపిస్తుంది, పిల్లల్ని కిటికీ వైపు కూర్చోబెట్టండి. స్టేషన్ నుంచి స్టేడియానికి ఆటోలూ ఉన్నాయి, అప్పట్లో మో బస్ అని పిలిచే సిటీ బస్సులూ ఉన్నాయి. బస్సే మేలు. లోపల శుభ్రంగా ఉంది, ఆడపిల్లలతో వెళ్లినా ఇబ్బంది అనిపించలేదు.

ఇబ్బంది పెట్టింది మేము దిగిన లాడ్జి. ఫోన్‌లో ఒక రేటు చెప్పి, కౌంటర్ దగ్గరికి వెళ్లాక "మ్యాచ్ రోజులు కదా" అని దాదాపు రెట్టింపు అడిగారు. నాకు ఒడియా వచ్చు కాబట్టి గట్టిగా మాట్లాడి కొంత తగ్గించగలిగాను. రాని వాళ్లయితే చెప్పినంతా ఇచ్చుకోవాల్సిందే. బుక్ చేసుకునేటప్పుడే రేటు వాట్సాప్‌లో రాయించుకోండి.

ఇక స్టేడియం. కళింగ స్టేడియంలో ఫుట్‌బాల్ గ్రౌండ్ చుట్టూ అథ్లెటిక్స్ ట్రాక్ ఉంటుంది. 2017లో ఆసియా అథ్లెటిక్స్ పోటీలు ఇక్కడే జరిగాయి. కాబట్టి కింది వరసల్లో కూర్చుంటే ఆటగాళ్లు దగ్గరగా కనిపిస్తారనుకోవడం పొరపాటు. ట్రాక్ అడ్డొచ్చి ఆట దూరమైపోతుంది, అవతలి సగం ఏం జరుగుతోందో అర్థం కాదు. మేము మధ్య వరసల నుంచి కొంచెం పైకి కూర్చున్నాం. అక్కడి నుంచి గ్రౌండ్ మొత్తం కనపడుతుంది, ఎవరు ఎక్కడికి పరిగెడుతున్నారో తెలుస్తుంది. పిల్లలకి ఆట నేర్పాలనుకునేవాళ్లు పై సీట్లే తీసుకోండి. టికెట్ ధర మాకు భారం కాలేదు. గ్రౌండ్ గడ్డి చూసి మా పిల్లలు నోళ్లు తెరిచారు. మేము ఆడేది ఎర్రమట్టి, చిన్న చిన్న రాళ్లు, వానొస్తే బురద. బంతి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. ఇక్కడ ఎంత గట్టిగా పాస్ ఇచ్చినా బంతి నేలని అంటుకుని పోతోంది.

తిండి విషయం తొందరగా చెప్పేస్తాను. లోపల దొరికినవి చిప్స్, కూల్‌డ్రింకులు. కడుపు నిండాలంటే బయట తినే వెళ్లాలి. దహీబరా ఆలూదమ్ బండ్లు ఊరంతా ఉన్నాయి. పెరుగు వడ మీద కారం కారంగా ఆలూ కూర పోసి ఇస్తారు, మా పిల్లలకి తెగ నచ్చేసింది.

బ్రెజిల్, అమెరికా మ్యాచ్ గురించి మాత్రం తొందరపడను. మా డబ్బు, శ్రమ అన్నిటికీ ఆ ఒక్క మ్యాచ్ చాలు.

వార్మప్ టైమ్‌కే లోపలికి వెళ్లిపోయాం. వెళ్లేవాళ్లు ఇది మరిచిపోకండి, ఆట మొదలయ్యే టైమ్‌కి వెళితే సగం పాఠం పోయినట్టే. అమ్మాయిలు గుండ్రంగా నిలబడి, మధ్యలో ఇద్దరిని పెట్టి, బంతి వాళ్లకి దొరక్కుండా ఒకరికొకరు అందించుకుంటున్నారు. ఒక్కొక్కరి కాళ్ల దగ్గర బంతి ఆగేది రెప్పపాటు. తాకడం, పంపడం, అంతే. మా టీంలో పెద్ద రోగం ఏమిటంటే, బంతి కాళ్ల దగ్గరికి వచ్చాక తల దించేసి, ఆగి, అప్పుడు ఎవరికివ్వాలా అని చూస్తారు. ఈలోగా నలుగురు మీద పడతారు. "బంతి రాకముందే చూడండే" అని నేను ఎన్నిసార్లు గొంతు చించుకున్నానో. ఆ రోజు మా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి అమెరికా మిడ్‌ఫీల్డర్ ఒకమ్మాయినే చూస్తూ కూర్చుంది. కాసేపయ్యాక నా చెయ్యి పట్టుకుని, "మేడమ్, ఆ అక్క బంతి కోసం చూడట్లేదు, వెనక ఎవరున్నారో చూస్తోంది. అటు ఒకసారి, ఇటు ఒకసారి తల తిప్పాకే బంతి తీసుకుంటోంది" అంది. నేను ఎంత చెప్పినా ఎక్కనిది, తన వయసు పిల్లని చూసి తనంతట తనే పట్టుకుంది. ఊరికి వచ్చాక ప్రాక్టీసులో ఆ పిల్ల తల తిప్పి చూడటం మొదలుపెట్టింది. ఇప్పుడు మిగతావాళ్లకీ చెబుతోంది.

ఇంకో సంగతి, ఆ పిల్లలు ఆటలో ఎంత మాట్లాడుకుంటారో! గోల్ కీపర్ నోరు మూతపడదు. డిఫెండర్లు చేతులతో చూపిస్తూ, అరుస్తూ లైన్ సరిచేసుకుంటూనే ఉంటారు. మన ఆడపిల్లలకి చిన్నప్పటి నుంచి "గట్టిగా మాట్లాడకు" అని చెప్పి పెంచుతాం కదా, గ్రౌండ్‌లో కూడా మా పిల్లలు నోరు విప్పరు. పక్కనున్న ఫ్రెండ్ మార్కింగ్ లేకుండా ఒంటరిగా ఉన్నా "నాకివ్వు" అనదు. మా గోల్ కీపర్ పిల్ల బ్రెజిల్ కీపర్‌ని చూస్తూ, "అంత అరిస్తే రిఫరీ ఏమీ అనరా మేడమ్?" అని అడిగింది. అనరమ్మా, నువ్వూ అరవాలి, అది నీ పని అన్నాను.

మ్యాచ్ 1-1తో డ్రా. రెండు వైపులా చివరి నిమిషం దాకా అదే వేగం. గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఏమిటంటే బ్రెజిల్ దక్షిణ అమెరికా చాంపియన్, అమెరికా తమ ప్రాంతానికి చాంపియన్. ఇద్దరూ మన గ్రూప్ నుంచి ముందుకెళ్లి క్వార్టర్ ఫైనల్లోనే ఓడిపోయారు. అమెరికాని నైజీరియా పెనాల్టీల్లో ఇంటికి పంపింది, బ్రెజిల్‌ని జర్మనీ 2-0తో ఓడించింది. మేము నోరెళ్లబెట్టి చూసిన టీంలకే ఆ గతి పట్టిందంటే టోర్నీ స్థాయి ఏమిటో ఊహించుకోండి.

తర్వాత మన మ్యాచ్. అప్పటికి మూడు రోజుల ముందు అమెరికా చేతిలో 8-0తో ఓడిపోయాం. ఆ మ్యాచ్ ఫోన్‌లో చూశాను. అమెరికా కెప్టెన్ మియా భూటా భారత మూలాలున్న అమ్మాయి, మన మీద ఒక గోల్ ఆమే కొట్టింది. అయినా 14వ తేదీ రాత్రి స్టాండ్స్‌లో జనం తగ్గలేదు. డప్పులు, జెండాలు, "ఇండియా, ఇండియా" అని కేకలు. ఒడిశా జనానికి ఆటల మీద ఉన్న గౌరవం నిజమైనది. ఓడిన టీం బయటికొస్తుంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మొదటి సగం మనవాళ్లు బాగా ఆడారు. 0-0. మొరాకోకి కూడా ఇదే మొదటి అండర్-17 వరల్డ్ కప్ కాబట్టి ఒక పాయింట్ వస్తుందేమో అని ఆశ పుట్టింది. రెండో సగం మొదలైన కొద్ది నిమిషాలకే పెనాల్టీ, గోల్. పది నిమిషాలు దాటాక ఇంకొకటి. చివర్లో మూడోది. 3-0. మా పిల్లల్లో ఇద్దరు ఏడ్చేశారు. బ్రెజిల్ మీద 17న 5-0. మొత్తం మూడు మ్యాచ్‌లు, తిన్న గోల్స్ 16, కొట్టినవి సున్నా.

ఈ అంకెలు చూసి మన అమ్మాయిలని తక్కువ చేసి మాట్లాడినవాళ్ల మీద నాకు చాలా కోపం వచ్చింది. మొరాకో ఈ టోర్నీకి ఎలా వచ్చింది? ఆఫ్రికా క్వాలిఫయర్స్‌లో ఘనాని పెనాల్టీల్లో ఓడించి వచ్చింది. అంటే గెలవకపోతే ఇంటికే అన్న ఒత్తిడిలో మ్యాచ్‌లు ఆడి వచ్చిన పిల్లలు. మనకి ఆతిథ్య దేశం కాబట్టి సీటు దొరికింది. జంషెడ్‌పూర్‌లో క్యాంప్ పెట్టారు, ఇటలీ, నార్వే, స్పెయిన్ తిప్పారు. కోచ్ థామస్ డెన్నర్బీ 2011 వరల్డ్ కప్‌లో స్వీడన్ మహిళల్ని మూడో స్థానంలో నిలబెట్టిన మనిషి. కానీ కొన్ని నెలల క్యాంప్ పదేళ్ల లీగ్‌ని భర్తీ చేయలేదు. అవతలి టీం అమ్మాయిలు ఏడెనిమిదేళ్ల వయసు నుంచి వారం వారం మ్యాచ్‌లు ఆడుతూ పెరుగుతారు. మన పిల్లకి ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు దొరుకుతాయి? మా స్కూల్ పిల్లలకైతే మండలం, డివిజన్, జిల్లా, ఓడితే అక్కడితో ఆ ఏడాది అయిపోయింది. రెండో సగంలో మనవాళ్ల కాళ్లు బరువెక్కడం నేను కళ్లారా చూశాను. అది ధైర్యం లేక కాదు, మ్యాచ్‌లు లేక.

మన కెప్టెన్ అష్టమ్ ఒరాన్‌ది జార్ఖండ్‌లో గుమ్లా జిల్లాలోని ఒక పల్లె. ఆ పిల్ల ఇండియా కెప్టెన్ అయిందని ఊరికి రోడ్డు వేయిస్తే, ఆ రోడ్డు పనిలో ఆమె అమ్మానాన్నలే కూలికి వెళ్లారని వార్తల్లో వచ్చింది. ఆ సంగతి రైల్లో మా పిల్లలకి చెప్పాను. మా పిల్లల్లో సగం మంది అమ్మానాన్నలు ఉపాధి హామీ పనికీ, జీడిపప్పు ఫ్యాక్టరీకీ వెళ్లేవాళ్లే. అందుకే మ్యాచ్‌లో ఆమె బంతి అందుకున్నప్పుడల్లా మావాళ్లు పేరు పెట్టి అరిచారు. టీంలో జార్ఖండ్, మణిపూర్ అమ్మాయిలే ఎక్కువ. మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్కరూ లేరు. సీనియర్ టీంలో నిజామాబాద్ జిల్లా సౌమ్య గుగులోత్ ఉంది, 2022లోనే క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్‌కి ఆడటానికి వెళ్లింది. తండా నుంచి వచ్చిన పిల్ల. ఆమె ఫోటో మా స్టోర్ రూమ్ తలుపు మీద అతికించాం.

మిగతా మ్యాచ్‌లు ఫోన్‌లో చూశాను. ఈ వయసు అమ్మాయిల వరల్డ్ కప్‌లో వీఏఆర్ (రిఫరీ నిర్ణయాన్ని వీడియోలో సరిచూసుకునే పద్ధతి) వాడటం ఇదే మొదటిసారి. మధ్యలో ఆట ఆపేసి రిఫరీ స్క్రీన్ దగ్గరికి వెళ్లినప్పుడు ఎందుకు ఆపారో తెలియని ప్రేక్షకుడికి విసుగు. కానీ నిర్ణయం సరిగ్గా రావడం ముఖ్యం, ఆడపిల్లల ఆటకి కూడా ఆ ఖర్చు పెట్టారన్నది నాకు సంతోషం. ఫైనల్లో స్పెయిన్ 1-0తో కొలంబియా మీద గెలిచి కప్ నిలబెట్టుకుంది. అది కూడా 82వ నిమిషంలో కొలంబియా డిఫెండర్ కాలికి తగిలి సొంత గోల్‌లోకి వెళ్లిన బంతి వల్ల. ఆ పిల్ల ఆ రాత్రి ఎలా నిద్రపోయి ఉంటుందో.

కొలంబియా ఆట ఎక్కడ దొరికినా వెతికి చూడండి, ముఖ్యంగా లిండా కైసెడో కోసం. పదిహేనేళ్లకి అండాశయ క్యాన్సర్ వచ్చింది, ఆపరేషన్ చేయించుకుని మళ్లీ గ్రౌండ్‌లోకి దిగింది. 2022 జూలైలో సీనియర్ల కోపా అమెరికాలో (దక్షిణ అమెరికా దేశాల టోర్నీ) ఉత్తమ ప్లేయర్. ఆగస్టులో అండర్-20 వరల్డ్ కప్. అక్టోబర్‌లో ఇక్కడ. అప్పటికి పదిహేడేళ్ల పిల్ల. బంతి కాలికి అంటుకున్నట్టు డిఫెండర్ పక్క నుంచి జారిపోతుంది. గోవాలోనో నవీ ముంబైలోనో ఆమెని నేరుగా చూసినవాళ్లని తలుచుకుంటే నాకు అసూయగా ఉంది.

రేటింగ్ ఇవ్వమంటే, ఆటకి అయిదుకి అయిదు. స్టేడియానికి నాలుగు, ఆ ట్రాక్ వల్ల ఒకటి తగ్గించాను. ప్రచారానికి రెండే. మా ఊరు భువనేశ్వర్‌కి అంత దగ్గర, అయినా మా జిల్లాలో ఒక్క పోస్టర్ లేదు. తెలుగు పేపర్లో లోపలి పేజీలో రెండు ముక్కలు. విజయనగరం, విశాఖ స్కూళ్లకి ముందుగా ఒక ఉత్తరం వస్తే ఎన్ని బస్సులు బయల్దేరేవో. నాతోటి పీఈటీలలో చాలామందికి నేను ఫోటోలు పంపాకే ఇలాంటిది ఒకటి జరుగుతోందని తెలిసింది.

ఆ తర్వాత దగ్గర్లోనే ఇంకో అవకాశం కూడా వచ్చింది. 2023 జనవరి 13 నుంచి పురుషుల హాకీ వరల్డ్ కప్ ఇదే కళింగ కాంప్లెక్స్‌లోనూ, రూర్కెలాలోనూ జరిగింది. హాకీ స్టేడియం వేరు, దాని చుట్టూ ట్రాక్ ఉండదు, కింది సీట్లు కూడా బాగుంటాయి. సంక్రాంతి సెలవులు కూడా అప్పుడే వచ్చాయి. ఇలా పండగ రోజుల్లో వెళ్లేవాళ్లు రైలు టికెట్లు మాత్రం ముందే చేయించుకోండి, పండగకి పలాస వైపు బెర్త్‌లు దొరకవు.